పాన్ ఔట్: పెనానికీ, కెమెరాకీ, కలిసిరాని పనికీ ఏంటి సంబంధం?

సీత_ఎడిట్
వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. ట్యుటోరియల్ చెప్పేవాడు "ఇక్కడ పాన్ ఔట్ చేయండి" అన్నాడు. బొమ్మ చిన్నదై చుట్టుపక్కలదంతా ఫ్రేమ్‌లోకి వచ్చింది. సరే, బాగానే ఉంది. అదే రోజు ఒక క్లయింట్ మెయిల్ పెట్టాడు: "ద అదర్ ప్లాన్ డిడ్‌న్ట్ పాన్ ఔట్" అని. అక్కడ కెమెరా లేదు, ఫ్రేమూ లేదు. నిఘంటువు తీస్తే పాన్ అంటే పెనం, మూకుడు. ఈ ఫ్రేజల్ వెర్బ్స్‌ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. రెండు చిన్న మాటలు, విడివిడిగా రెండూ తెలుసు, కలిపితే మాత్రం ఏమీ అర్థం కాదు. ఎవరైనా మొదటి నుంచి చెప్తారా? బట్టీ పట్టమని మాత్రం అనకండి.

నీలిపెన్ను
పాన్ ఔట్ అంటే ఫలించడం. డిడ్‌న్ట్ పాన్ ఔట్ అంటే కలిసిరాలేదు అని. అంతే.

సీత_ఎడిట్
@నీలిపెన్ను ఆ మాత్రం నిఘంటువులోనూ ఉందండీ. పెనం ఫలించడం ఏంటన్నదే నా ప్రశ్న.

చరిత్రపిచ్చి
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాను, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ఇది వంటింటి పెనం కాదు, బంగారం కడిగే పళ్ళెం. వాగుల్లో, నదుల్లో ఇసుకతో కలిసి వచ్చే బంగారపు రేణువుల్ని వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి తిప్పుతూ వేరు చేసేవాళ్ళు. ఆ పనినే "పాన్" చేయడం అన్నారు. కాలిఫోర్నియాలో కొలోమా దగ్గర అమెరికన్ నది ఒడ్డున అక్కడి భూస్వామి జాన్ సటర్ కోసం జేమ్స్ మార్షల్ కలప కోత మిల్లు కట్టిస్తున్నాడు. 1848 జనవరి 24న ఆ మిల్లు కాలువలో పచ్చగా మెరిసేవి అతని కంట పడ్డాయి. చిత్రమేంటంటే, సరిగ్గా తొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 2న, మెక్సికో కాలిఫోర్నియాని అమెరికాకి వదులుకుంటూ ఒప్పందం మీద సంతకం పెట్టింది. బంగారం సంగతి సంతకాలు పెట్టినవాళ్ళకి తెలియదు!

ఆ ఏడాది డిసెంబర్‌లో అధ్యక్షుడు పోల్క్ తన సందేశంలో బంగారం నిజమేనని ధ్రువపరిచాడు. ఇక జనం ఆగలేదు. తర్వాతి కొన్నేళ్ళలో దాదాపు 3 లక్షల మంది వచ్చారు. 1848లో సుమారు వెయ్యి మంది ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో 1850 నాటికి పాతిక వేల దాకా అయ్యారు. వాళ్ళలో చాలామంది చేతిలో ఉన్న మొదటి పనిముట్టు ఆ పళ్ళెమే. ఒక చోట మట్టి తీసి కడిగి "ఈ మట్టి ఎంత పాన్ ఔట్ అయింది?" అని అడుగుతారు. అంటే కడిగితే ఎంత తేలింది, ఎంత గిట్టింది అని. 1860ల చివరికల్లా ఆ మాట గని దాటి మామూలు పనులకీ వచ్చేసింది. వ్యాపారం పాన్ ఔట్ అయింది, ఆలోచన పాన్ ఔట్ కాలేదు... ఇలా.

తెల్లకాగితం
అద్భుతం. అంటే మీ క్లయింట్ మట్టి కడిగాడు, బంగారం పడలేదు. ఇక జన్మలో మర్చిపోను.

రాతిమనిషి
@చరిత్రపిచ్చి బాగా రాశారు. ఆ పళ్ళెం పని ఎలా సాగుతుందో నేను చెప్తా, ఎందుకంటే జియాలజీ చదివేటప్పుడు స్వయంగా చేశాను. బంగారం కోసం కాదు, వాగు ఇసుకలో బరువైన ఖనిజాలు ఏమున్నాయో చూడ్డానికి. ఫీల్డ్‌లో ఇప్పటికీ ఇలాగే చేస్తారు.

పళ్ళెం నిండా ఇసుక, గులకరాళ్ళు వేసి నీళ్ళలో ముంచుతాం. పెద్ద రాళ్ళు చేత్తో ఏరి పారేస్తాం. మట్టి గడ్డలుంటే వేళ్ళతో నలిపి కరిగించాలి, లేకపోతే విలువైనది గడ్డతోపాటే పోతుంది. తర్వాత పళ్ళేన్ని నీళ్ళలోనే అటూ ఇటూ గట్టిగా కుదుపుతాం. బరువైనవి అడుక్కి దిగుతాయి, తేలికవి పైకి వస్తాయి. అప్పుడు అంచు కాస్త వంచి నీటితోపాటు పై పొర జారిపోనివ్వాలి. మళ్ళీ కుదుపు, మళ్ళీ వంపు. తొందరపడి ఎక్కువ వంచితే అసలు సరుకే వెళ్ళిపోతుంది. నడుము పట్టేస్తుంది, చల్లటి నీళ్ళలో వేళ్ళు మొద్దుబారతాయి.

చివరికి పళ్ళెం అడుగున నెలవంకలా ఒక నల్లటి ఇసుక చార మిగులుతుంది. అది ఎక్కువగా మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. దాని మీద చెంచాడు నీళ్ళు మెల్లగా తిప్పితే ఆ చార విచ్చుకుంటుంది. బంగారం ఉంటే అన్నిటికంటే వెనక, కదలకుండా, పసుపు చుక్కల్లా నిలబడుతుంది. ఆ చుక్కల్ని గనివాళ్ళు "కలర్" అనేవారు.

లెక్క చూడండి: నీటి సాంద్రత 1 అనుకుంటే, మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ సాంద్రత 2.65, మాగ్నటైట్ 5.2, బంగారం 19.3. ఒకే సైజు ఇసుక రేణువు కంటే బంగారు రేణువు ఏడు రెట్లు బరువు. ఈ తేడా ఒక్కటే పళ్ళేనికి తెలిసిన విద్య.

మౌనిక_ఎం
మెరిసిందల్లా బంగారమని మోసపోయేవాళ్ళు కాదా మరి?

రాతిమనిషి
@మౌనిక_ఎం పైరైట్ అనే ఖనిజం చాలామందిని అలా మోసం చేసింది. కానీ పరీక్ష తేలిక. సుత్తితో కొడితే బంగారం రేకులా సాగుతుంది, పైరైట్ పొడి అవుతుంది. మార్షల్ కూడా మొదట కొట్టి చూశాడు. పైరైట్ సాంద్రత 5 దగ్గరే కాబట్టి పళ్ళెంలోనూ బంగారమంత మొండిగా నిలబడదు.

వేటమాటలు
అయితే "ఫ్లాష్ ఇన్ ద పాన్" కూడా ఇక్కడిదేగా? పళ్ళెంలో తళుక్కున మెరిసింది, తీరా చూస్తే ఏమీ లేదు. ఒక్క సినిమాతో మెరిసి మాయమయ్యే హీరోల గురించి అంటారు. చక్కగా సరిపోయింది.

చరిత్రపిచ్చి
@వేటమాటలు సరిపోయినట్టే ఉంటుంది, కానీ అది తుపాకీ మాట. పాతకాలం ఫ్లింట్‌లాక్ తుపాకీకి పక్కన చిన్న గిన్నెలాంటి భాగం ఉంటుంది, దాన్నీ పాన్ అంటారు. అందులో కొంచెం మందు పోస్తారు. చెకుముకి నిప్పురవ్వ పడి ఆ మందు అంటుకుని, ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలి అసలు మందుకి చేరితే తుపాకీ పేలుతుంది. ఒక్కోసారి గిన్నెలో మందు భగ్గుమని ఆరిపోతుంది, గుండు మాత్రం కదలదు. అదీ ఫ్లాష్ ఇన్ ద పాన్. 1700 ప్రాంతానికే ఆ మాట వాడుకలో ఉంది. కాలిఫోర్నియా బంగారానికి దాదాపు నూటయాభై ఏళ్ళ ముందు.

వేటమాటలు
పుట్టుక తుపాకీలోనే కావచ్చు, కాదనను. కానీ ఇవాళ ఆ మాట వాడేవాళ్ళలో ఎంతమంది మనసులో తుపాకీ ఉంటుంది? వినేవాడికి మెరిసే పళ్ళెమే కనిపిస్తుంది. మాట బతికేది వినేవాడి మనసులోనే కదా.

చరిత్రపిచ్చి
ఆ మాట ఒప్పుకుంటా, కానీ చరిత్ర అడిగినప్పుడు చరిత్రే చెప్పాలి. సీతగారు "మొదటి నుంచి" అన్నారు.

వేణు_సౌండ్
కెమెరా సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అది పూర్తిగా వేరే పాన్! పనోరమాలోంచి ముక్క కోసుకున్నది. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు ప్రేక్షకుడి చుట్టూ గుండ్రంగా గోడంతా పరుచుకునే పెద్ద బొమ్మకి 1787లో పేటెంట్ తీసుకున్నాడు. కొన్నేళ్ళకి దానికి గ్రీకు మాటలతో పనోరమా అని పేరొచ్చింది. పాన్ అంటే అంతా, హోరమా అంటే దృశ్యం. 1793లో లండన్ లీస్టర్ స్క్వేర్‌లో దీని కోసమే గుండ్రటి భవనం కట్టారు. సినిమా వచ్చాక కెమెరాని నిలబెట్టిన చోటే పక్కకి తిప్పుతూ తీసే షాట్‌ని పనోరమిక్ షాట్ అన్నారు, అది అరిగి అరిగి పాన్ అయింది.

మా సౌండ్ వాళ్ళకీ ఇదే పాన్. మిక్సర్ మీద శబ్దాన్ని ఎడమ స్పీకర్‌కీ కుడి స్పీకర్‌కీ జరిపే నాబ్‌ని పాన్ పాట్ అంటాం. పనోరమిక్ పొటెన్షియోమీటర్ అన్నమాట.

సీత_ఎడిట్
అయితే కెమెరాతో "పాన్ ఔట్" అనడం తప్పా? ఆ ట్యుటోరియల్‌లో కెమెరా పక్కకి తిరగలేదు, వెనక్కి వెళ్ళింది.

ఫ్రేమ్‌బాబు
తప్పే. షూటింగ్‌లో పాన్ అంటే కెమెరా స్టాండ్ మీద ఎడమకో కుడికో తిరగడం. పైకీ కిందకీ తిరిగితే టిల్ట్. లెన్స్‌తో వెనక్కి వెళ్తే జూమ్ ఔట్, కెమెరానే వెనక్కి జరిపితే పుల్ బ్యాక్ లేదా డాలీ ఔట్. సెట్లో "పాన్ ఔట్" అంటే అసిస్టెంట్ ఎటు తిప్పాలో తెలియక నీ మొహం చూస్తాడు.

వేణు_సౌండ్
@ఫ్రేమ్‌బాబు సెట్లో సరే. కానీ బయట కథలు రాసేవాళ్ళు, గేమ్స్ ఆడేవాళ్ళు వెనక్కి వెళ్ళి అంతా కనిపించడాన్ని పాన్ ఔట్ అంటూనే ఉన్నారు. ఇంతమంది అంటుంటే తప్పని కొట్టిపారేయలేం.

ఫ్రేమ్‌బాబు
పదిమంది అన్నంత మాత్రాన పనిముట్టు పేరు మారదు. రెంచ్‌ని స్క్రూడ్రైవర్ అంటే పని ఆగుతుంది. పని నేర్చుకునేవాళ్ళకి సరైన పేరే చెప్పాలి. సీతగారూ, మీరు జూమ్ ఔట్ అనండి.

మౌనిక_ఎం
రివ్యూల్లో "క్రిటిక్స్ పాన్డ్ ద ఫిల్మ్" అంటారే, అది ఏ పాన్? ఏకిపారేశారు అనేగా అర్థం?

నీలిపెన్ను
అవును, ఏకిపారేయడమే. అది అమెరికాలో 1910 ప్రాంతంలో మొదలైన వాడుక. అక్కడ ఔట్ రాదు. "పాన్డ్ ఔట్" అన్నారంటే అర్థం తిరగబడుతుంది, సినిమా ఆడిందని అవుతుంది.

తెల్లకాగితం
ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే నిర్మాత పరిస్థితి ఏంటి!

గురువుగారు_ఇంగ్లిష్
పరీక్షలకి చదివేవాళ్ళకి పాఠం చెప్పే అనుభవంతో కొంచెం వ్యాకరణం కలుపుతాను, ఎందుకంటే అర్థం తెలిశాక కూడా వాక్యంలో పెట్టడం దగ్గరే పిల్లలు తడబడతారు.

పాన్ ఔట్‌కి కర్మ (ఆబ్జెక్ట్) ఉండదు. "ఐ పాన్డ్ ఔట్ ద ప్రాజెక్ట్" అనకూడదు. ప్రాజెక్టే పాన్ ఔట్ అవుతుంది, దాన్ని మనం పాన్ ఔట్ చేయలేం. మట్టిలో బంగారం ఉందో లేదో మన చేతిలో లేదు కదా, ఆ భావం ఇంకా మాటలో మిగిలే ఉంది. గని రోజుల్లో "పాన్ ఔట్ ద గ్రావెల్" అని కర్మతో వాడేవారు, ఇప్పుడు మామూలు వాడుకలో అది పోయింది.

ఎక్కువగా కనిపించేది లేదన్న వాక్యాల్లోనూ, ప్రశ్నల్లోనూ. "డిడ్‌న్ట్ పాన్ ఔట్", "హౌ విల్ ఇట్ పాన్ ఔట్", "లెట్స్ సీ హౌ ఇట్ పాన్స్ ఔట్". హౌ ఉంటే మంచీ చెడూ కాకుండా "చివరికి ఏమవుతుందో చూద్దాం" అని. హౌ లేకుండా ఒంటరిగా నిలబడితే మంచి ఫలితం అని.

మౌనిక_ఎం
మరి టర్న్ ఔట్‌కీ దీనికీ తేడా?

గురువుగారు_ఇంగ్లిష్
టర్న్ ఔట్ ఒంటరిగా సరిపోదమ్మా, పక్కన ఎలా అన్నది చెప్పాలి. "ఇట్ టర్న్డ్ ఔట్ వెల్", "ఇట్ టర్న్డ్ ఔట్ టు బి ఎ లై". పాన్ ఔట్‌కి ఆ అవసరం లేదు, మంచి అన్నది దాని కడుపులోనే ఉంది.

నీలిపెన్ను
మనం రోజూ అనే "వర్కవుట్ అవ్వలేదు" సంగతీ చెప్పండి సార్. నా లెక్కలో అదీ ఇదీ ఒకటే.

గురువుగారు_ఇంగ్లిష్
@నీలిపెన్ను చాలా చోట్ల ఒకదాని బదులు ఒకటి పెట్టొచ్చు. కానీ వర్క్ ఔట్‌లో మనిషి ప్రయత్నం ఉంటుంది. కూర్చుని లెక్క వర్క్ ఔట్ చేస్తాం, ఇద్దరూ మాట్లాడుకుని గొడవని వర్క్ ఔట్ చేసుకుంటారు. అక్కడ కర్మ వస్తుంది. పాన్ ఔట్‌లో ఆ అవకాశం లేదు. ప్రయత్నం అయిపోయింది, ఇక ఏం తేలుతుందో చూడ్డమే.

ఆటగాడు_7
మనుషులకి వాడకూడదా? అమెరికా క్రీడల వార్తల్లో చూశాను. ఎంతో ఆశతో తీసుకున్న కొత్త ఆటగాడు రాణించకపోతే "హి డిడ్‌న్ట్ పాన్ ఔట్" అని రాస్తారు.

గురువుగారు_ఇంగ్లిష్
వాడతారు, మంచి ఉదాహరణ. జట్టు పెట్టుకున్న ఆశ ఫలించలేదని. అలా పందెం కాసిన సందర్భంలోనే నప్పుతుంది. పరీక్ష తప్పిన విద్యార్థిని "హి డిడ్‌న్ట్ పాన్ ఔట్" అంటే వాడొక పెట్టుబడి అన్నట్టు వినిపిస్తుంది, నాకు అది అస్సలు నచ్చదు.

ఆటగాడు_7
ఇంకో ముక్క. శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు పేరు ఫార్టీ నైనర్స్. 1946లో మొదలైన జట్టు. 1849లో బంగారం కోసం వచ్చినవాళ్ళని అలా పిలిచేవారు, అదే పేరు పెట్టుకున్నారు. ఆ జట్టులో పాన్ ఔట్ కాని ఆటగాడి గురించి రాస్తే మాట సొంతింటికి వచ్చినట్టే!

పాతపుస్తకం
ఇంతసేపు చదువుతున్నాను, ఒక్కరూ అనలేదని ఆశ్చర్యంగా ఉంది. రాతిమనిషిగారు వర్ణించిన పనికి మనకి అచ్చమైన మాట ఉందిగా: గాలించడం! బియ్యంలో రాళ్ళు పోవడానికి నీళ్ళు పోసి గిన్నెని వంచుతూ తిప్పుతామే, అదే కుదుపు, అదే వంపు. ఆ మాట మనకి ఎటు పోయింది? "పోలీసులు గాలిస్తున్నారు", "ఇల్లంతా గాలించాను" అని వెతకడం వైపు పోయింది. ఇంగ్లిష్‌వాడు అదే పనిలోంచి "చివరికి ఏం మిగిలింది" అన్నది పట్టుకున్నాడు. మనం చేతి కదలికని పట్టుకున్నాం, వాళ్ళు అడుగున మిగిలినదాన్ని.

సీత_ఎడిట్
@పాతపుస్తకం ఇది చదివి లేచి నిలబడ్డాను. గాలింపు చర్యలు అని రోజూ వార్తల్లో వింటాం, అందులో నీళ్ళున్నాయని ఎప్పుడూ తట్టలేదు.

నీలిపెన్ను
@పాతపుస్తకం పోలిక బాగుంది కానీ ప్రతి ఇంగ్లిష్ మాటనీ తెలుగుతో ముడిపెడితే చిక్కు వస్తుంది. గాలించడంలో రాయి అడుగున మిగులుతుంది, అది పారేసేది. పాన్ చేస్తే అడుగున మిగిలేది బంగారం. కావలసినది పైన ఒకచోట, కింద ఒకచోట.

పాతపుస్తకం
నీలిపెన్నుగారూ, మీరు చెప్పిన తేడా నిజమే, నా మాటకి అది ఇంకా బలం. మనకి అడుగున మిగిలేది పనికిరానిది కాబట్టి ఫలితం అన్న అర్థం పుట్టే దారి లేదు. వేరు చేసే శ్రద్ధే మిగిలింది, అది వెతుకులాట అయింది. ముడిపెట్టకపోతే ఈ సంగతి ఎలా కనిపిస్తుంది?

రాతిమనిషి
నేను పాతపుస్తకంగారి పక్షం. రెండూ చేసినవాణ్ణి, చేతికి తేడా తెలియదు.

తెల్లకాగితం
గనుల నుంచి ఇంకేమైనా వెర్బ్స్ వచ్చాయా?

చరిత్రపిచ్చి
"పీటర్ ఔట్" ఉంది. నెమ్మదిగా సన్నగిల్లి ఆగిపోవడం. బంగారం చార లోపలికి వెళ్ళేకొద్దీ పలచబడి మాయమైతే పీటర్ ఔట్ అయిందనేవారు. 1840లలో అమెరికాలోనే వినిపించింది. పాన్ ఔట్ కానిది ఒక్కసారిగా నిరాశ, పీటర్ ఔట్ అయ్యేది మెల్లగా నిరాశ. "పే డర్ట్" కూడా వాళ్ళదే, కడిగితే కూలి గిట్టే మట్టి అని. ఇప్పుడు "హిట్ పే డర్ట్" అంటే వెతికినది దొరికిందని.

పళ్ళెం కూడా కాలిఫోర్నియాతో మొదలవలేదు. జార్జియాలో 1829లోనే బంగారపు వేట జరిగింది, 1838లో డాలొనేగాలో నాణేల ముద్రణాలయం కూడా పెట్టారు. మెక్సికో నుంచి వచ్చిన గనివాళ్ళు బటేయా అనే చెక్క పళ్ళెం వాడేవారు, పనిలో వాళ్ళు ఆరితేరినవాళ్ళు. కాలిఫోర్నియా వెళ్ళి తిరిగొచ్చిన ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ 1851లో ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ దగ్గర ఇదే పద్ధతిలో కడిగి చూపించాడు, అక్కడా జనం ఎగబడ్డారు. మాట ఇన్ని చోట్ల తిరిగింది మరి.

వేటమాటలు
ఎగబడినవాళ్ళలో ఎంతమందికి దక్కిందో కూడా చెప్పండి. కథలు అన్నీ దొరికినవాళ్ళవే వింటాం.

చరిత్రపిచ్చి
వాగుల్లో చేతికందే బంగారం మొదటి కొన్నేళ్ళలోనే తగ్గిపోయింది. పళ్ళెం తర్వాత ఊయలలాంటి రాకర్, పొడవాటి చెక్క కాలువలు, ఆ తర్వాత కొండల్నే నీటి ధారతో కోసేసే యంత్రాలు వచ్చాయి. వాటికి కంపెనీల డబ్బు కావాలి, ఒంటరి మనిషి కూలీ అయిపోయాడు. కొట్టుకొచ్చిన మట్టితో నదులు పూడి పొలాలు మునిగితే 1884లో కోర్టు ఆ మట్టిని నదుల్లోకి వదలొద్దని ఆపింది. వచ్చినవాళ్ళలో చాలామందికి పాన్ ఔట్ కాలేదు. మాట "కాలేదు"తోనే ఎక్కువ వినపడటంలో నాకేమీ వింత లేదు.

మౌనిక_ఎం
గురువుగారూ, ఫ్రేజల్ వెర్బ్ మధ్యలో కర్మ పెట్టొచ్చా (సెపరబుల్), పెట్టకూడదా (ఇన్‌సెపరబుల్) అని పట్టికలు చూస్తేనే టెన్షన్. ఈ బాధ మనకేనా, అందరికీనా?

గురువుగారు_ఇంగ్లిష్
అందరికీ, ఎప్పటి నుంచో. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయివాళ్ళకి అన్నిటికంటే కష్టమని రాశాడు. కమ్ ఆఫ్, ఫాల్ ఆన్, సెట్ ఔట్ అంటూ ఉదాహరణలూ ఇచ్చాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వ్యాపించింది.

పట్టికలు పక్కన పెట్టండి. తెలుగులో మనమూ ఇదే చేస్తాం. పడు తెలుసు, పోవు తెలుసు, పడిపోవు వేరు. కొట్టు తెలుసు, వేయు తెలుసు, కొట్టేశాడు అంటే దొంగిలించాడు కూడా. పిల్లలకి దీన్ని ఎవరూ పట్టికలో నేర్పరు, వాక్యాల్లో విని పట్టుకుంటారు.

ఆటగాడు_7
ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలో పాన్ ఔట్ రాస్తే మార్కులు పోతాయా?

గురువుగారు_ఇంగ్లిష్
స్పీకింగ్‌లో నిస్సంకోచంగా అనండి, సహజంగా ఉంటుంది. వ్యాసంలో ఇది కాస్త మాటల ధోరణి, అక్కడ "ప్రూవ్ సక్సెస్‌ఫుల్" లాంటిది పెట్టుకోండి. స్నేహితుడికి రాసే ఉత్తరం అయితే పాన్ ఔటే మేలు.

సీత_ఎడిట్
ఒక వాక్యం సరిచూడండి సార్: "ద న్యూ ఎడిటింగ్ స్టైల్ ఈజ్ పాన్డ్ ఔట్ వెల్."

గురువుగారు_ఇంగ్లిష్
ఈజ్ తీసేయండి, ఇది పాసివ్‌లోకి రాదు. "హ్యాజ్ పాన్డ్ ఔట్ వెల్" అని రాయండి. వెల్ ఉన్నా తప్పులేదు.